ఒక చాకు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

“మీరు బాగుచేసేదాకా ఆ చాకు బాగానే ఉండేదండీ.”

అవతారిక

ఈ వాక్యం మా ఇంట్లో పుట్టింది. చెప్పింది మా ఆవిడ. కాలం మొన్న శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన మూడోనాడు, ఆదివారం పొద్దున్న పదకొండు గంటలు. స్థలం కాకినాడలో మా వంటింటి గడప. ఆవిడ గడపకి అవతల ఉంది, నేను ఇవతల ఉన్నాను. మధ్యలో నా ఎడమచేతి చూపుడువేలు, దానిమీద గుప్పెడు పసుపు. కావ్యం పుట్టాలంటే ముందు శోకం ఉండాలంటారు. శోకం నాది, కావ్యం ఆవిడది.

నాలుగు ముక్కల వాక్యం. వినగానే అర్థమైపోయినట్టు ఉంటుంది. అలా అనిపించే వాక్యాలకే వ్యాఖ్యానం అవసరం. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథ సూరి మన మెదకు సీమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకోగలిగాడు, ఎందుకంటే రఘువంశంలో ఆయన ముద్దాయి కాడు. ఇక్కడ ముద్దాయీ వ్యాఖ్యాతా ఒక్కరే. కనుక నేను ఆ ఒట్టు పెట్టుకోవడం లేదు. మూలంలో లేనిది కొంత రాస్తాను, అక్కర్లేనిది చాలా చెబుతాను.

ప్రతిపదార్థం

మీరు = ఈ వ్యాఖ్యాత; బాగుచేసే = గీకి, నానబెట్టి, నల్లబరచి, ఊడదీసి, అరగదీసే; దాకా = వరకు; ఆ = ఒకప్పటి; చాకు = ఫ్రాన్సు దేశపు ఒపినెల్ వారి ఎనిమిదో నంబరు మడత చాకు; బాగానే = పని జరిగేంత బాగా; ఉండేది = ఉండెను, ఇప్పుడు లేదని భావము; అండీ = కోపం మీద కప్పిన దుప్పటి.

వావిళ్ళవారి ప్రతుల్లో అయితే ఇక్కడ రెండు వాక్యాల తాత్పర్యం వేసి తరవాతి పద్యంలోకి వెళ్ళిపోతారు. పరీక్షకు చదివేవాళ్ళు కూడా ఇక్కడ ఆగిపోవచ్చు. మిగిలినవాళ్ళకు విశేషాలు. మాటల వరస మూలంలో ఉన్నట్టే ఉండదు. నాకు అనుకూలమైన మాటలు ముందు, ప్రతికూలమైనవి వెనక.

చాకు

ఈ మాట మనది కాదు. తురుష్కుల దగ్గర పుట్టి, పారశీకంలోకి నడిచి, హిందుస్తానీలోంచి మన జేబుల్లోకి దిగింది. దిగి, ఇంట్లో ఉన్న కత్తికంటే ఎక్కువ మర్యాద సంపాదించింది. చురుకైన పిల్లవాణ్ణి చాకులాంటి కుర్రాడంటాం. కత్తిపీటలాంటి కుర్రాడని ఇంతవరకు ఎవరూ అనలేదు, ఇంటిల్లిపాదికీ కూరలు తరిగిపెట్టేది అదే అయినా. మడుచుకుని కనబడకుండా ఉండి, పిలిచినప్పుడు బయటికొచ్చి, పని చక్కబెట్టి, మళ్ళీ మడుచుకునేవాడు చాకులాంటివాడు. కత్తిపీటది ఎప్పుడూ తెరిచిన నోరే. మా ఇంట్లో వీటికి అన్వయం చెప్పుకోవద్దని మనవి.

చాకుల్లో జాతులున్నాయి. హిందీ సినిమాల్లో దొంగ చేతిలో టకటకమని తెరుచుకునేది రాంపురి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ దాని పుట్టినూరు. అది ధ్వని ప్రధానమైన చాకు. మూలంలోని చాకు అది కాదు. ఇది నోరు మెదపదు. అలుగు మీద ఉన్న గాట్లో బొటనవేలి గోరు పెట్టి, రెండో చేత్తో పిడి పట్టుకుని, మెల్లిగా తెరవాలి. ఆ తెరిచే తీరు చూస్తే దొంగ కూడా నవ్వుతాడు.

ఒపినెల్ పుట్టుక 1890లో. ఫ్రాన్సు ఆగ్నేయాన ఆల్ప్స్ కొండల్లో సవోయ్ సీమ ఉంది. అక్కడ గొడ్డళ్ళూ కొడవళ్ళూ చేసే కమ్మరి ఇంట్లో జోసెఫ్ ఒపినెల్ అని పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు రైతులు జేబులో పెట్టుకునే చాకు ఒకటి చేశాడు. చాకులాంటి కుర్రాడన్న మాటకి ఇంతకంటే ముఖ్యార్థం దొరకదు. 1897కల్లా ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లేసి పన్నెండు సైజులు చేశాడు. తరవాత ఒకటో నంబరూ పదకొండో నంబరూ మానేశారు. ఎనిమిదో నంబరుకి అలుగు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఎనిమిదో నంబరుకి ఎనిమిది ఉండాలిగాని ఎనిమిదిన్నర ఏమిటని మా అబ్బాయి అడిగాడు. గ్రంథకర్త ఇష్టం.

అలుగు మీద దీవిస్తున్న చెయ్యి, దానిపైన కిరీటం ముద్ర ఉంటాయి. చెయ్యి బాప్తిస్మమిచ్చు యోహానుది. ఆయన పేరు మీద వెలసిన సాఁ జాఁ ద మోరియెన్ ఊరి చిహ్నంలోంచి తీసుకున్నారు. కిరీటం సవోయ్ ప్రభువులకి గుర్తు. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ అది అభయహస్తమని దణ్ణం పెట్టింది. వేలు తెగిన రోజున ఆ దణ్ణం గుర్తొచ్చింది.

న్యాయశాస్త్రంలో అనుమాన వాక్యానికి అవయవాలు ఐదు. ఈ చాకుకీ ఐదే: బీచ్ కర్ర పిడి, ఉక్కు అలుగు, రెంటినీ కలిపే ఇరుసు మేకు, పిడి తలకి తొడిగిన పొన్ను, పొన్ను మీద తిరిగే తాళపు రింగు. ఇంతకంటే తక్కువ సామానుతో మడత చాకు చెయ్యడం కష్టం. ఇంతకంటే తక్కువతో చెయ్యవచ్చునని నేను నిరూపించబోయాను. ఆ కథ తరవాత.

(మడత చాకు జేబులో పెట్టుకుంటే నేరం కాదా అని పక్కింటాయన అడిగాడు కనుక ఈ ముక్క. ఆయుధాల నిబంధనల్లో కత్తికి చెప్పిన హద్దు అలుగు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటడం. ఇంటిపనికీ పొలంపనికీ చేసినవాటిని అందులోనూ మినహాయించారు. ఇది మూడున్నర అంగుళాలకి కాస్త తక్కువ. విమానంలో చేతిసంచీలో మాత్రం పనికిరాదు. ఫ్రాన్సులో చదువుకున్న మా మేనల్లుడు పెద్ద పెట్టె అడుగున, చీరల మధ్య పెట్టి తెచ్చాడు.)

ఆ

ఇది ఒంటి అక్షరం. దీని మీద ఎక్కువ సేపు ఆగాలి.

తెలుగులో దగ్గరి వస్తువుకి ‘ఈ’, దూరపు వస్తువుకి ‘ఆ’. వాక్యం వెలువడే సమయానికి చాకు నా కుడిచేతిలో ఉంది. ఆవిడకి రెండడుగుల దూరం. వ్యాకరణం ప్రకారం ‘ఈ చాకు’ అనాలి. అనలేదు. కాబట్టి దూరం చోటుకి సంబంధించింది కాదు, కాలానికి సంబంధించింది. వేదాంతులు ‘సోయం దేవదత్తః’ అని ఒక ఉదాహరణ చెబుతారు. అప్పుడెప్పుడో చూసిన ఆ దేవదత్తుడే ఇప్పుడు ఎదురుగా ఉన్న ఈ దేవదత్తుడని గుర్తుపట్టడం. మధ్యలో జుట్టు నెరిసినా బొజ్జ వచ్చినా మనిషి ఒక్కడే అని సారం. మా ఆవిడ ఒక్క ‘ఆ’తో ఆ సిద్ధాంతాన్ని పక్కకు నెట్టింది. ఆ చాకు వేరు, ఈ చాకు వేరు.

ఆలోచిస్తే కాదనలేం. ఆ చాకు పిడి నెయ్యి రంగులో, వార్నిషు నిగనిగలతో ఉండేది. ఈ చాకు పిడిది పాత చింతపండు రంగు. ఆ అలుగులో మొహం కనబడేది. ఈ అలుగు మూకుడు అడుగులా ఉంది. దానికి అవయవాలు ఐదు, దీనికి నాలుగు. దేవదత్తుడికి ఇన్ని జరిగితే కన్నతల్లి కూడా ‘ఎవరు బాబూ’ అంటుంది.

బాగానే ఉండేది

బాగా వేరు, బాగానే వేరు. పెళ్ళిభోజనం బాగా ఉందంటే మెచ్చుకున్నట్టు. బాగానే ఉందంటే పప్పులో ఉప్పు తగ్గినట్టు. ఈ ‘నే’ అనే ఏవకారం పట్టుకునే నా వాదమంతా నడుస్తుంది. చాకులో లోపం ఉందని మూలకర్త్రి తానే ఒప్పుకుంది, లేకపోతే ‘నే’ ఎందుకు?

మంచి ముందు చెప్పుకోవాలి. రెండేళ్ళు ఆ చాకు చెయ్యని పని లేదు. కొరియర్ పెట్టెల టేపు కోసింది. పాలపాకెట్టు మూల తుంచింది. జామకాయని నాలుగు చేసి, ప్రతి ముక్కలోనూ ఉప్పూకారం ఇంకడానికి గాట్లు పెట్టింది. మామిడిపళ్ళ రోజుల్లో బంగినపల్లి తొక్కని మధ్యలో తెగకుండా ఒక్క చుట్టుగా తీసేది. రసాలకి దానితో పని లేదు, రసాలకి కత్తి పెట్టేవాణ్ణి మా వైపు మనిషి కింద లెక్కెయ్యరు. బియ్యం బస్తా మూతి కుట్టు దగ్గర దాని అసలు ప్రతిభ. అది గొలుసుకుట్టు. సరైన కొస దగ్గర ఒక్క ముడి తెంపి లాగితే కుట్టంతా సర్రుమని ఊడొస్తుంది. తప్పు కొస దగ్గర తెంపితే ముప్ఫై ముళ్ళూ విడివిడిగా తెంపుకోవాలి. పెళ్ళైన ఇరవైరెండేళ్ళలో నేను సరైన కొస మొదటిసారికే పట్టుకున్నది ఆ చాకు వచ్చాకే. అది చాకు గొప్పతనమని నేనంటాను, కాకతాళీయమని ఆవిడ అంటుంది.

ఇక లోపాలు. రెండు. ఒకటి, ఇది తుప్పుపట్టని స్టీలు కాదు. నూటికి తొమ్మిదో వంతు తక్కువ ఒక పాలు కార్బన్ కలిసిన పాతకాలపు ఉక్కు. (లెక్క తిరగబడింది. నూటికి 0.9 పాళ్ళు.) త్వరగా పదునెక్కుతుంది, నిమ్మకాయ కోసి తుడవకుండా పెడితే సాయంత్రానికి మచ్చలు పడుతుంది. తుప్పుపట్టని రకం కూడా వాళ్ళే చేస్తారు. మేనల్లుడు ఏది కావాలని ఫోన్ చేసి అడిగితే ‘అసలుది’ అన్నాను. అసలుది తెచ్చాడు.

రెండో లోపం పెద్దది. కర్ర తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. పొడవునా కాదు, అడ్డంగా. అలుగు దాక్కునే గాడి సన్నబడి అలుగుని కరిచి పట్టుకుంటుంది. ఆల్ప్స్ కొండల గాలి కోసం చేసిన పిడి కాకినాడ సముద్రపు గాలిలో ఏమవుతుందో ఊహించుకోండి. జులై నుంచి అక్టోబరు దాకా గోరు విరుగుతుందిగాని అలుగు రాదు. ఈ బాధ పుట్టింట్లోనూ ఉన్నట్టుంది, ఎందుకంటే దానికి సవోయ్ దెబ్బ అని ఒక చికిత్స అక్కడే కనిపెట్టారు. పిడి తోకని గట్టి బల్ల మీద కొడితే ఆ అదురుకి అలుగు వీపు కాస్త పైకి లేస్తుంది, దాన్ని పట్టుకుని లాగాలి. నేను సన్నికల్లు మీద కొట్టేవాణ్ణి. పక్క వాటావాళ్ళు మేము రోజూ సాయంత్రం మసాలా నూరుకుంటున్నామనుకున్నారు.

ఈ లోపం ఒకసారి కాపాడింది కూడా. జేబులో చాకుందని మరిచిపోయి ఓ పెద్ద బట్టలషాపులోకి వెళ్ళబోతే గేటు దగ్గర యంత్రం కూసింది. కాపలా కుర్రాడు చాకు తీసుకుని తెరవబోయాడు. రాలేదు. వాడి స్నేహితుడు తెరవబోయాడు. రాలేదు. “ఇదేంటి సార్, బొమ్మా?” అని తిరిగిచ్చేశారు. మా ఆవిడ పక్కనే ఉంది. ఆ రోజు ఆవిడ అన్నమాట కూడా వ్యాఖ్యానానికి తగిందే గాని గ్రంథవిస్తర భీతి.

బాగుచేసే

ఇప్పుడు తప్పించుకోలేని మాట దగ్గరకొచ్చాం.

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడుండాలన్నారు శాస్త్రకారులు. యోగ్యత లేనిదానికి వాళ్ళు చెప్పే ఉదాహరణ, ‘నిప్పుతో తడుపుము’. నిప్పుకి తడిపే గుణం లేదు కనుక ఆ వాక్యానికి అర్థం లేదు. అలాగే బాగుచేయడానికి చెడగొట్టే గుణం లేదు కనుక మూలవాక్యానికే అర్థం లేదని నా మొదటి వాదం. దీన్ని నేను గడప దగ్గరే వినిపించాను. “నిప్పుతో తడపలేరు గాని, మీరు తడిగుడ్డతో నిప్పు పెట్టారుగా” అంది. వాదం అక్కడ వీగిపోయింది. తడిగుడ్డ సంగతి ఇది.

పిడి ఉబ్బకుండా ఉండాలంటే కర్రకి నూనె తాగించాలి. ఏ నూనె పడితే అది కాదు. కొబ్బరినూనె ఎన్నాళ్ళకీ ఆరదు, జిడ్డుగా ఉండిపోతుంది. అవిసె గింజల నూనె గాలిలోని ప్రాణవాయువుని పట్టుకుని గట్టిపడుతుంది. చిన్నప్పుడు క్రికెట్ బ్యాటుకి పూసింది ఇదే. అయితే పిడి మీద వార్నిషు ఉండగా నూనె లోపలికి దిగదు. వార్నిషు పోవాలంటే గరుకుకాగితం పట్టాలి. గరుకుకాగితం శుభ్రంగా పట్టాలంటే తాళపు రింగు ఊడదియ్యాలి. చూడండి, ఒక్క నూనెచుక్క కోసం మొదలుపెడితే పని ఎక్కడికి వెళుతోందో. కౌపీన సంరక్షణార్థం సన్యాసి సంసారంలో పడ్డట్టు నేను హార్డ్‌వేర్ షాపులో పడ్డాను.

80 నంబరు గరుకుకాగితంతో మొదలుపెట్టాను. ఆ నంబరు తలుపులకి వాడతారని షాపువాడు చెప్పాడు. వార్నిషు పది నిమిషాల్లో పోయింది. చెయ్యి ఆగలేదు. కర్ర మెత్తగా అరుగుతుంటే, పొడి ఒళ్ళో రాలుతుంటే, వేళ్ళకి పల్లాలు తీస్తే పట్టు బాగుంటుంది కదా అనిపించింది. తీశాను. ఆ పల్లాలు నా కుడిచేతి వేళ్ళకి అతికినట్టు సరిపోయాయి. మా ఆవిడ ఎడమచేతివాటం మనిషి. ఈ విషయం పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. పల్లాలు తీసేటప్పుడు గుర్తురాలేదు.

తరవాత నానబెట్టడం. చాకు నిలువునా మునగాలంటే ఇరుకైన, లోతైన పాత్ర కావాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, చిన్న ఆవకాయ జాడీ. ఖాళీగానే ఉంది. దీనిమీద ఇంకేమీ రాయను. అవిసె వాసన పింగాణీని వదలదని మాత్రం చెబుతాను.

తుడిచిన గుడ్డలు ఉండచుట్టి బాల్కనీలో కాళ్ళపట్టా మీద పారేశాను. ఆరే నూనె ఊరికే ఆరదు, ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి ఉంటే లోపలే పోగుపడి, ఎవరూ అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుంటుంది. ఇది నాకు ఆ సాయంత్రం కాళ్ళపట్టా ద్వారా తెలిసింది. అవిసె నూనె వాడేవాళ్ళు గుడ్డల్ని విడదీసి ఆరుబయట పరచండి, లేదా నీళ్ళలో ముంచి పెట్టండి. ఈ వ్యాఖ్యానంలో హాస్యం లేని వాక్యం ఇదొక్కటే.

ఇప్పుడు రింగు. ఇక్కడ వ్యాఖ్యాత తాళపత్ర పరిశోధకుడి అవతారం ఎత్తాలి. 1890 నాటి ప్రతిలో రింగు లేదు. మార్సెల్ ఒపినెల్ దాన్ని 1955లో చేర్చాడు: తెరిచాక రింగు తిప్పితే అలుగు వెనక్కి మడవకుండా అడ్డం నిలుస్తుంది. 2000లో దాన్ని సవరించి, మూసినప్పుడు కూడా తాళం పడేటట్టు చేశారు. అంటే ఇప్పుడు మన చేతికొచ్చే చాకులో రెండు ప్రక్షిప్తాలున్నాయి. అరవై ఐదేళ్ళు లోకం రింగు లేని పాఠాన్నే చదువుకుంది, ఎవరూ కష్టపడినట్టు కనబడదు. ఊడదీసిన రింగు శ్రావణానికి వారం ముందు నా శ్రావణం కొసల్లోంచి ఎగిరి, బాల్కనీ ఊచల సందులోంచి కింద పోర్షన్ వాళ్ళ తులసికోట వైపు వెళ్ళిపోయినప్పుడు (శ్రావణం అంటే ఇక్కడ పట్టకారు) నేను దాన్ని నష్టంగా తీసుకోలేదు. ప్రక్షిప్త పరిహారంగా తీసుకున్నాను. మూలపాఠం నిర్ధారణ అయిందని మా అబ్బాయికి చెప్పాను. “నాన్నా, పోగొట్టుకున్నావా?” అన్నాడు. నవీనులకి పాఠపరిష్కరణ తెలియదు.

అలుగు నలుపు గురించి నేను పశ్చాత్తాపపడను. ఉక్కుని పచ్చిమామిడికాయలో గుచ్చి ఉంచినా, చిక్కటి టీ డికాషన్‌లో నానబెట్టినా పైన నల్లటి పొర కడుతుంది. ఆ పొర ఎర్రతుప్పుని కొంతవరకు దగ్గరికి రానివ్వదు. వగరుకీ ఇనుముకీ ఉన్న పాత చుట్టరికం ఇది. మన పెద్దలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్నది ఈ చుట్టరికంతోనే. అంటే నా చాకు మీద పట్టిందీ, పెద్దలు ఆ సిరాతో రాసుకున్నదీ ఒకటే నలుపు. ఈ భాగం చదివి వినిపిస్తే మా ఆవిడ మొదటిసారి ఆసక్తిగా విని, “అయితే జామకాయ కోస్తే సిరా అంటుతుందన్నమాట” అంది. కొంచెం అంటుతుంది.

పదును పెట్టడం దగ్గర అసలు పాపం చేశాను. మామూలుగా అయితే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున నునుపు లేని గరుకు అంచు ఉంటుంది చూశారూ, దానిమీద అలుగుని ఇరవై డిగ్రీల వాలులో పట్టి పదిసార్లు ఇటూ పదిసార్లు అటూ లాగితే చాలు. టమాటా తొక్క మీద బరువు వెయ్యకుండా ఆనిస్తే దిగాలి. అంతకుమించిన పదును ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. నేను కప్పు దగ్గర ఆగలేదు. డ్రిల్లు మెషీనుకి సానచక్రం బిగించాను. నిప్పురవ్వలు దీపావళిలా వచ్చాయి. చాకు మొన సెంటీమీటరు మేర ఎండుగడ్డి రంగుకి తిరిగి, చూస్తుండగానే నెమలికంఠం నీలానికి తిరిగింది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. మూడువందల డిగ్రీల దగ్గర ఉక్కు ఆ రంగు తిరుగుతుంది. దాంతో కమ్మరి పెట్టిన బిగువు సడలిపోతుంది. అక్కణ్ణుంచి ఆ మొన ఎంత పదును పెట్టినా నిలవదు. సైకిలు మీద సాన తిప్పుకుంటూ మా వీధిలోకి వచ్చే ముసలాయనకి చూపిస్తే, అలుగు చూడకుండా నా మొహం చూశాడు. డబ్బులు పుచ్చుకోలేదు.

కాబట్టి ఆదివారం పొద్దున్నకి పరిస్థితి ఇది. వ్రతం కొబ్బరిచిప్పలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. చిప్పలోంచి కొబ్బరి ఊడదియ్యాలి. మొద్దుబారిన మొనని చిప్పకీ కొబ్బరికీ మధ్య దోపి మీటాను. మొన దిగలేదు, బలం అలుగు వీపు మీదకి తిరిగింది. నూనె తాగిన పిడిలో అలుగు వెన్నలో దారంలా మడుచుకుపోయింది. ఆపడానికి రింగు తులసికోట దగ్గరుంది. తేమకి బిగుసుకుపోయే పాత పిడి అయితే రింగు లేకపోయినా అలుగు కదిలేది కాదు. రింగు ఉంటే నూనె తాగిన పిడిలోనైనా అలుగు మడతపడేది కాదు. బిగుసుకునే పిడీ, తిరిగే రింగూ ఒకదాన్నొకటి కాపాడుకుంటూ వచ్చాయి. నేను ఒకదాన్ని బాగుచేసి రెండోదాన్ని పారేశాను. మార్సెల్ ఒపినెల్ చేర్చింది ప్రక్షిప్తం కాదని, వార్తికమని అప్పుడు గ్రహించాను.

దాకా

‘వరకు’ అనే అర్థంలో సంస్కృతం వాళ్ళు రెండు రకాలు చెప్పారు, మర్యాద, అభివిధి అని. హద్దుని వదిలేసి లెక్కపెడితే మర్యాద, హద్దుని కలుపుకుంటే అభివిధి. సామర్లకోట దాకా వాన పడిందంటే సామర్లకోటలో పడిందా లేదా అన్నది ప్రశ్న. నేను బాగుచేసేదాకా చాకు బాగుందంటే, బాగుచేస్తున్నప్పుడు కూడా బాగానే ఉందా? అభివిధి అయితే నేను కొంత బతుకుతాను. గరుకుకాగితం దాకా, జాడీ దాకా ఫరవాలేదు, చెడింది ఆ తరవాతే. మర్యాద అయితే నేను ముట్టుకున్న క్షణమే చెడింది. ఏదో తేల్చమని మూలకర్త్రినే అడిగాను. “మర్యాదే” అంది. ఇందులో నాకు దక్కిన మర్యాద అంతవరకే.

మీరు, అండీ

వీటికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అండీ లేదనీ, ‘ఉండేది’ దగ్గరే వాక్యం ఆగిందనీ మా అబ్బాయి పాఠాంతరం చెబుతాడు. వాడు ఆ సమయంలో హాల్లో టీవీ చూస్తున్నాడు కనుక ఆ పాఠం గ్రాహ్యం కాదు.

అలంకారం

బాగు రెండుసార్లు వచ్చింది. మాట ఒకటే, అర్థమూ ఒకటే, తాత్పర్యం వేరు. లాటానుప్రాసం. ఇది నిందాస్తుతి కావచ్చునని, పైకి నిందలా ఉండి లోపల మెచ్చుకోలు దాగి ఉండవచ్చునని నేను మూడు రోజులు వెతికాను. లేదు.

తాత్పర్యం

ఓ నాథా! నీవు చేయిపెట్టనంతవరకు ఆ చురిక తన కొద్దిపాటి దోషములతో తాను సుఖముగ నుండెను గదా! అని భావము. దీన్ని చదివి వినిపించాను. “అదే నేను తెలుగులో చెప్పాను” అంది.

సంక్రాంతికి మేనల్లుడు మళ్ళీ వస్తున్నాడు. ఈసారి తుప్పుపట్టని రకం తెమ్మని ఆవిడే ఫోన్‌లో చెప్పింది. దానికి బీరువా తాళం పడుతుందని కూడా చెప్పింది. నల్లచాకు నా దగ్గరే ఉంది. మొన మీద నీలం తిరిగినంత మేరా కప్పు అడుగున, వేడెక్కకుండా, రోజుకి కాస్త అరగదీస్తున్నాను. అలుగు ఇప్పుడు ఏడున్నర సెంటీమీటర్లుంది. బస్తా కుట్లు ఇప్పటికీ బాగా తెంపుతుంది. బాగానే కాదు, బాగా.

తప్పొప్పులు

పై వ్యాఖ్యానంలో ‘బాగుచేసే’ అని అచ్చుపడిన ప్రతిచోటా ‘అరగదీసే’ అని దిద్దుకుని చదువుకోగలరు. కాకినాడలో మా కింద పోర్షన్ వాళ్ళ తులసికోట చుట్టుపక్కల ఎవరికైనా వేలెడు వెడల్పున్న, ఒకచోట చీలిక ఉన్న ఉక్కు రింగు దొరికితే దయచేసి పైకి తెచ్చి ఇవ్వగలరు. నాకు కాదు, మా ఆవిడకి.